ఇంగ్లీషు ఎవరైనా చెప్పొచ్చు

ఒక మాట అన్నాను. అది ఇన్నేళ్లుగా గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను.

ఎనభైల్లో పర్చూరు దగ్గర ఒక హైస్కూల్లో సోషలు మాస్టారిని. మా బడిలో తెలుగుకి పండితుడు, హిందీకి పండితుడు, లెక్కలకీ సైన్సుకీ వేరువేరు మాస్టార్లు. ఇంగ్లీషుకి మాత్రం ఎవరూ లేరు. ఎవరికి పీరియడ్లు తక్కువైతే వాళ్ల నెత్తిన పడేది. అలా నా నెత్తిన పడింది. వాక్యం చదవడం, దానికి తెలుగు చెప్పడం, గైడు చూసి జవాబులు బోర్డు మీద రాసెయ్యడం. ఇదేం పద్ధతి? డ్రిల్లు చెప్పడానికీ ట్రైనింగు కావాలి, ఇంగ్లీషు చెప్పడానికి మాత్రం ఖాళీ పీరియడు ఉంటే చాలు!

అప్పుడు ఊరి మిర్చి రైతులే కమిటీగా చేరి, చందాలు వేసుకుని సరళ గారనే టీచరుని పెట్టారు. ఇంగ్లీషు బోధనలోనే శిక్షణ పొందిన మనిషి. ఆవిడ క్లాసులో ఒకటే గోల. ఒకడు కొట్టు పెట్టేవాడు, మిగతావాళ్లు బేరాలాడేవాళ్లు, అంతా ఇంగ్లీషులోనే. ఒక్క మనిషి అన్ని తరగతులకీ చాలరు కాబట్టి కొన్ని నాకే ఉండిపోయాయి. పక్క గదిలో నా ఇంగ్లీషు క్లాసు కునికిపాట్లు పడేది. నాకు ఒళ్లు మండేది.

అయినా ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే ఆవిడ దగ్గరికే పరిగెత్తాను. పిల్లల చేత ఎలా మాట్లాడించాలో ఓపిగ్గా చూపించారు. ఇన్‌స్పెక్టరు నన్ను మెచ్చుకున్నాడు. నేను ఆవిడ పేరు ఎత్తలేదు. అది చిన్న తప్పు.

ఆ ఏడు మిర్చి ధర పడిపోయింది. కమిటీ ప్రెసిడెంటు కళ్లం దగ్గర నన్ను ఆపాడు.

"ఏం మాస్టారూ, ఆ ఇంగ్లీషు టీచరమ్మ లేకపోతే పిల్లలకి ఇబ్బందేనంటారా? కావాలంటే చెప్పండి, ఎట్టాగోట్టా తంటాలు పడతాం."

"ఇంగ్లీషుకి వేరే మనిషెందుకండీ? ఎవరైనా చెప్పొచ్చు."

"మీరే అంత మాటన్నాక ఇంకేముందిలెండి."

నెలాఖరుకి సరళ గారు వెళ్లిపోయారు. వెళుతూ తన బొమ్మల అట్టలన్నీ నా బల్ల మీద పెట్టి, "ఇక క్లాసు మీదే కదండీ" అన్నారు. ఆవిడకి తెలుసా? తెలిసే ఇచ్చారా? అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఎందుకన్నాను ఆ మాట? అసూయా? గోడ అవతల అసలు చదువు వినపడుతుంటే, నేను చెప్పేది చదువు కాదని రోజూ తెలిసిపోతుంటే, తట్టుకోలేకపోయానా? సిగ్గు తప్ప సమాధానం దొరకదు.

ఆ అట్టలతోనే తంటాలు పడి, తప్పులు చేస్తూ, కొన్నేళ్లకి నిజంగానే ఇంగ్లీషు మాస్టారినయ్యాను. అప్పుడొచ్చిన కొత్త హెడ్మాస్టరు నా పదో తరగతి ఇంగ్లీషు తీసి డ్రిల్లు మాస్టారికి ఇచ్చేశాడు. ఆయనకి పీరియడ్లు తక్కువయ్యాయట. కోపం పట్టలేక గదిలోకి వెళ్లి నిలదీశాను. ఇంగ్లీషే కదండీ, ఎవరైనా చెప్పొచ్చు అన్నాడాయన.

వెనక్కి తిరిగి బయటికి వచ్చేశాను. ఆ మాట నాది.

ఎవరంటే వాళ్లు చెప్పలేరండీ, ఆవిణ్ణి పోనివ్వకండి. ఆ రోజు కళ్లం దగ్గర అనాల్సింది ఇదే. సరళ గారికి వినపడదని తెలుసు. అయినా ఇప్పటికి అన్నాను.