రావి ఆకులో అన్నం

మా మారేడ్‌పల్లి ఇంటి పిట్టగోడ పగుల్లో రావి మొక్క మొలిచింది. పీకెయ్యమని వాచ్‌మన్‌కు చెబితే, "ముట్టుకుంటే శనివారమే ముట్టుకోవాలమ్మా, అప్పటిదాంక ఆగుండ్రి" అనేసి చక్కా పోయాడు. ఇవాళ మంగళవారం. నాకు కోపం రావాల్సింది, రాలేదు. బోయిగూడలో మా నాయనమ్మ ఏలుబడిలో సెగ్గడ్డలు కూడా శనివారం దాకా ఆగేవి. మిగతా రోజుల్లో ఆ చెట్టులో లక్ష్మీదేవి అక్క, దరిద్రదేవత పెద్దమ్మ కాపురముంటుందనీ, ముట్టుకుంటే మన వెంట ఇంటికొస్తుందనీ ఆవిడ నమ్మకం. శనివారం వచ్చిందంటే మాత్రం మా ఇల్లు ఆసుపత్రే. లేత ఆకుకు ఆముదం రాసి, వెచ్చబెట్టి గడ్డ మీద కట్టేది. నోటిపూతకు బెరడు కషాయం పుక్కిలించమనేది. మడమల పగుళ్ళకు రావి పాలు, ఆయాసానికి ఎండిన పళ్ళ పొడి తేనెలో. ఆ చెట్టుకు లొంగని జబ్బు ఉందంటే ఒప్పుకునేది కాదు. అవన్నీ ఎంతవరకు పనిచేశాయో నాకు తెలియదు గానీ, ఆ కషాయం వగరు ఇప్పటికీ మరచిపోలేదు.

చెట్టు మాది కాదు, పక్కింటి ముస్లిం ఆవిడది. మేమంతా ఆమెను ఖాలా అని పిలిచేవాళ్ళం. రెండు పెరళ్ళకూ మధ్య గోడలో ఒక చిన్న తలుపుండేది. ఖాలా భర్త నిజాం సర్కారు నౌకరీలో ఎక్కడో జిల్లాల్లో ఉండి, ఎప్పుడో గాని వచ్చేవాడు కాదు.

రజాకార్ల రోజుల్లో మా మేనత్తను ఊరి నుంచి బండిలో తెచ్చి మా ఇంట్లో దింపారు. పెళ్ళయి ఏడాది తిరగలేదు. రజాకార్లు ఊరి మీద పడ్డారని తెలిసి, దీపమార్పి ఇంట్లో ఒక్కతే కూర్చుందట. ఎవరో తలుపు తట్టారు. వాళ్ళేననుకుని తలుపు తియ్యకుండా ఉండిపోయింది. తట్టింది పొలం నుంచి పరుగెత్తుకొచ్చిన మామయ్య. ఎదురింటివాళ్ళు కిటికీ సందులోంచి చూశారు గనుక సంగతి తెలిసింది. తెల్లవారి ఆమె తలుపు తీసేసరికి ఆయన గడప మీద పడి ఉన్నాడు, ప్రాణం లేదు. అప్పటి నుంచి ఆమెకు మాట లేదు. ఏడుపు కూడా లేదు. గాలి లేకపోయినా రావి ఆకులు ఊరికే కదులుతాయి కదా, ఆ చప్పుడైతే చాలు ఉలిక్కిపడి తలుపు వైపు చూసేది. ఆమె చూస్తే నేనూ చూసేదాన్ని. ఎవరూ ఉండేవారు కాదు.

మాట రాని పిల్లలకు రావి ఆకుల విస్తట్లో వేడన్నం పెడితే మాట వస్తుందని మా వైపు నమ్మకం. పోయిన మాట కూడా వస్తుందని నాయనమ్మ తనకు తానే తేల్చుకుంది. కూతురి గొంతు వినకుండా తను చచ్చిపోతానేమోనని ఆవిడ భయం. చిక్కల్లా శనివారంతోనే. ఆ రోజు కోసిన ఆకులు రెండు రోజులకే వాడి, చిట్లిపోయేవి. ఖాలా ఇది చూసి చూసి ఒకనాడు గోడ తలుపు దగ్గరకొచ్చి, "అమ్మా, నువ్వు శనివారం దాంక ఆగుతవు, పోరి ఆగుతదా? రోజూ నేను తెంపి ఇస్తా. పాపం గిట్ల ఉంటే నాకే తగలనీ" అంది. ఆ రోజు నుంచి కడిగిన ఆకులు పొద్దున్నే మా పెరట్లోకి వచ్చేవి. నాయనమ్మ విస్తరి కుట్టి, పొగలొచ్చే అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని కూతురి నోటి వంకే చూసేది. మేనత్త తలొంచుకుని తినేది. నెలలు గడిచాయి.

పోలీస్ యాక్షన్ ముగిసి పట్టణంలోకి సైన్యం వచ్చింది. వీధిలో జెండాలు, జై కొట్టేవాళ్ళు, మిఠాయిలు. మధ్యాహ్నానికి ఆ కేకల్లో ఏదో తేడా వచ్చింది. ఫలానా వాళ్ళ ఇల్లు ఏదని అడుగుతున్నారు. నాన్న ఆఫీసులో చిక్కుకుపోయాడు. నాయనమ్మ తలుపులన్నీ వేసింది, గోడ తలుపుకు కూడా గొళ్ళెం పెట్టింది. కాసేపటికి అదే తలుపు మెల్లగా చప్పుడైంది. "అమ్మా, నేనే. జెర తియ్యుండ్రి. ఒక్కదాన్నే ఉన్న, భయమైతుంది."

నాయనమ్మ చెడ్డది కాదు. కానీ ఇంట్లో మగదిక్కు లేదు, దాచామని తెలిస్తే మా మీదకు వస్తారు. పెదవుల మీద వేలు పెట్టుకుని మమ్మల్ని కదలొద్దంది. బయట మళ్ళీ తట్టింది. ఇంకోసారి తట్టి, ఆగిపోయింది. అప్పుడు మేనత్త లేచింది. గొంతు బొంగురుగా ఉంది, ఎవరు మాట్లాడారో నాకు ముందు అర్థం కాలేదు.

"తియ్యే అమ్మా. గా రాత్రి సుత గిట్లనే కూసున్న నేను."

ఎవరూ ఏమీ అనకముందే వెళ్ళి గొళ్ళెం తీసింది. ఖాలా ఇంకా అక్కడే నిలబడి ఉంది. గొడవలు సద్దుమణిగేదాకా మా నడిమింట్లోనే ఉంది, ఎవరూ రాలేదు. రావి ఆకు మహిమ అని నాయనమ్మ బోయిగూడంతా చెప్పుకుంది. తలుపు సంగతి మాత్రం ఎక్కడా ఎత్తలేదు.

మాట తిరిగొచ్చాక మేనత్త బాగానే మాట్లాడింది, మమ్మల్ని తిట్టింది, నవ్వింది, నా పిల్లల్ని పెంచింది. కానీ ఉన్నట్టుండి "వస్తున్న, వస్తున్న" అంటూ లేచి వెళ్ళి తలుపు తీసేది. మారేడ్‌పల్లికి వచ్చాక, అప్పటికి చుట్టుపక్కల ఒక్క రావి చెట్టూ లేని ఈ ఇంట్లో కూడా. ఎనభై ఏళ్ళ మనిషి, మోకాళ్ళు పట్టుకుని లేచి, తలుపు తీసి, కాసేపు నిలబడి మళ్ళీ వేసేది. ఎవరొచ్చారని మేం ఎన్నడూ అడగలేదు. తలుపు తట్టే మామయ్యకు ఇంకా ఇరవై రెండేళ్ళే. తలుపు దాకా నడిచే ఆమెకే, కాలం ఒక్క ఏడాదైనా తగ్గించలేదు.