భాగీరథి పాదాలు

భాగీరథికి షుగర్ వచ్చి పదకొండేళ్లు. భేస్తాన్‌లోని రెండు గదుల ఇంట్లో కూర్చుని, కార్ఖానా నుంచి వచ్చే చీరలకు వేలాడే దారాలు కత్తిరించడం ఆమె పని. భర్త నరహరి మరమగ్గాలు నడుపుతాడు. పెళ్లయిన ఏడాదే ఇద్దరూ సిరిసిల్ల నుంచి మగ్గాల పని కోసం ఈ పరాయి రాష్ట్రపు నగరానికి వచ్చేశారు. కూతురు హారతి కాపురం కూడా ఇదే నగరంలో, కోసాడ్‌లో.

భాగీరథి మాత్రలు ఏనాడూ మరిచిపోలేదు. అన్నం దగ్గరే మనసు ఆగేది కాదు. రొట్టె తిన్నాక రెండు ముద్దలు పెరుగన్నం పడాల్సిందే. "గంతే కదా" అనేది కానీ లోపల భయపడుతూనే ఉండేది. ఇదే జబ్బుతో వాళ్లమ్మకు మోకాలి కింద కాలు తీసేశారు. ఆ మాట ఇంట్లో ఎవరినీ ఎత్తనిచ్చేది కాదు.

పోయిన ఎండాకాలం హారతి కొడుకు పుట్టువెంట్రుకలకు కొత్త చెప్పులు వేసుకుని వెళ్లి, రోజంతా పనుల్లో తిరిగింది. మర్నాడు పొద్దున డ్యూటీకి బయల్దేరుతున్న నరహరికి బండల మీద ఎర్రటి మరకలు కనిపించాయి.

"ఏమే, ఏడ తగిలింది నీకు?"

"నాకేం తగల్లే."

నిజంగానే ఆమెకు తెలియదు. ఎడమకాలి చిటికెన వేలి కింద బొబ్బ చితికి, తోలు ఊడి ఉంది. చూసుకోగానే కాలు చీర కుచ్చిళ్లలోకి లాక్కుంది. నొప్పి లేకపోవడమే ఆమెను భయపెట్టింది.

"దవాఖానకు నేను రాను. మా అమ్మకు గిట్లనే షురువైంది. పోతే కోస్తరు."

నరహరి డ్యూటీ మానేసి ఆమె పక్కనే గోడకానుకుని కూర్చున్నాడు. "కోస్తమంటే నేను ఒప్పుకుంటనా? జర సూపించుకొని ఒద్దాం పా," అన్నాడు.

డాక్టరమ్మ పుండు కడిగి కట్టు కట్టింది. తర్వాత కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ పోగుతో అరికాళ్లను ఒక్కోచోట తాకుతూ, తెలిసినప్పుడల్లా చెప్పమంది. కుడికాలికి అన్నీ తెలిశాయి. ఎడమకాలిని మూడుచోట్ల తాకినా భాగీరథి ఏమీ అనలేదు. కళ్లు తెరిచి నరహరి ముఖం చూశాకే ఆమెకు సంగతి అర్థమైంది.

"కాలికి రక్తం బాగానే అందుతోంది, పుండు మానిపోతుంది," అంది డాక్టరమ్మ హిందీలో. "కానీ స్పర్శ తగ్గింది. దెబ్బ తగిలినా తెలియదు, రోజూ చూసుకోవాలి. షుగర్ దించాలి. కళ్లు, కిడ్నీలు కూడా పరీక్ష చేయించండి."

భాగీరథి ఏడ్చేసింది. ఊరటతోనో భయంతోనో ఆమెకే తెలియదు.

ఆ మర్నాటి నుంచి నరహరి డ్యూటీకి వెళ్లేముందు ఆమె ఎదురుగా పీట వేసుకుని, ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకునేవాడు.

"మొగడు పెండ్లాం కాళ్లు పట్టుడేంది? నాకు పాపం తగుల్తది. తలుపన్న ఎయ్యి."

"ముప్పై ఏండ్ల సంది బట్టల ఏడ పోగు తెగిందో సూసుడే నా పని. గీ కాళ్లు సూస్తే ఏమైతది? కదలకు."

వేళ్ల సందులు విడదీసి మరీ చూసేవాడు. చక్కిలిగిలికి ఆమె నవ్వితే, "మంచిదే, తెలుస్తున్నది," అనేవాడు.

పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది. పెరుగన్నం ఒక ముద్దకు తగ్గింది. ఆరు నెలలయ్యేసరికి, మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్షలో తొమ్మిదిన్నర కాస్తా ఏడున్నరకు దిగింది. కంటి డాక్టరు మాత్రం షుగర్ వల్ల ఎడమ కంటి లోపల చిన్న మచ్చ మొదలైందని చెప్పి, ఆరు నెలలకోసారి రమ్మన్నాడు.

ఇంటికి వస్తూ ఆటోలో అడిగింది: "నాకు కండ్లు పోతే ఏం జేస్తవ్?"

"చీరల దారాలు నేను కోస్త. నువ్వు పక్కన కూసోని ముచ్చట్లు చెప్పు," అన్నాడు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని, "గంత దాక రానియ్యం లే," అన్నాడు.

కాసేపటికి ఆమెకు హఠాత్తుగా తోచింది. "అవునయ్యా, నువ్వెన్నడన్న సుగర్ సూపించుకున్నవా?"

"నాకేమైతది?" అన్నాడు నరహరి. మరో రెండు వారాలు తప్పించుకున్నాడు. చివరికి ఆమే రెక్క పట్టుకుని తీసుకెళ్లింది. వేలికి సూది గుచ్చుతుంటే ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. షుగర్ ఇంకా రాలేదు, అంచున ఉందన్నారు.

"బయపడకు, నాకు అన్నీ ఎర్కే," అంది భాగీరథి. ఆ సాయంత్రమే ఆయన్ను నడకకు బయల్దేరదీసింది.