దిల్షాద్ కోళ్ల ఆఖరి గుడ్లు

భూపాలపల్లిలో క్వార్టర్ల వెనక ఉన్న మా బస్తీలో బాబామియాను ఎరగనివారు లేరు. ఇరవై ఎనిమిదేళ్లుగా బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేస్తున్న మనిషి. బాయిలో పైకప్పు చిన్నగా పెళపెళమన్నా చాలు, ఎటు కూలుతుందో చెప్పేవాడు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో మాత్రం చెప్పలేడు. ఇల్లంతా భార్య దిల్షాద్ బేగందే. ఆమె పోయిన నలభై రోజులకు, ఆమె పెంచిన పదకొండు కోళ్లనూ బచ్చన్నపేటలో ఉండే పాత దోస్తు జైపాల్‌కు ఇచ్చేశాడు. పొద్దున్నే అవి గడప ముందు చేరి ఆమె కోసం చూస్తుంటే తన వల్ల కావడం లేదన్నాడు. వద్దని మేమంతా చెప్పాం. వింటేగా. మొండితనంలో మా బస్తీలో అతనికి సాటి లేరు.

పదిహేను రోజులు తిరక్కుండానే చేసింది తప్పని తెలిసింది. పొద్దున తలుపు తీస్తే వాకిట్లో ఏమీ ఉండేది కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఇచ్చినవాటిని తిరిగి ఇమ్మని అడగడానికి నోరు రాలేదు. అలా పద్నాలుగు నెలలు గడిచాయి.

2011 సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బాయి బంద్. పెళ్లయ్యాక బాబామియా రోజుల తరబడి పగలంతా ఇంట్లో ఉండటం అదే మొదలు. ఏ గోడ మీద ఏ వేళకు ఎండ పడుతుందో అప్పుడే చూశాడు. నాలుగైదు రోజులకు జైపాల్ ఫోన్ చేశాడు.

"బాబన్నా, జెప్పనీకె నోరొస్తలేదు. ఎండకాలం రోగమొచ్చి నీ కోళ్లన్ని పోయినయ్. ఒక్కటే మిగిలె. దాన్ని గూడ నిన్న కుక్కలు వట్టినయ్. గంపల తొమ్మిది గుడ్లున్నయ్. మా దగ్గర పొదిగే కోడి లేదు. ఏం జెయ్యమంటవ్?"

బాబామియా ఖాళీ వాకిలి వైపు చూశాడు. తర్వాత "పంపు" అన్నాడు.

మర్నాటి నుంచి బస్సులు కూడా సమ్మెలోకి పోతున్నాయి. జైపాల్ ఆ పొద్దే రంగు డబ్బాలో ఊక పోసి, గుడ్లు పేర్చి, మూత మీద 'గుడ్లు, పైలం' అని రాసి బస్సెక్కించాడు. బచ్చన్నపేట నుంచి జనగామ, అక్కడి నుంచి హన్మకొండ, అక్కడి నుంచి మా ఊరు. మూడు బస్సులు, ముగ్గురు కండక్టర్లు. డబ్బా చేరేసరికి రెండు గుడ్లు పగిలి, ఆ సొన మిగతా ఏడింటికీ అంటుకుని ఉంది.

అశుద్ధమైన వస్తువును దిల్షాద్ గడప దాటనిచ్చేది కాదు. ఏదైనా సరే మూడు నీళ్లు పోసి కడిగాకే లోపలికి. బాబామియాకు ఆమె నుంచి అబ్బింది అదొక్కటే. ఏడు గుడ్లనూ సబ్బు పెట్టి, మూడు నీళ్లతో కడిగి, తుడిచి, మెరిసేలా పేర్చి, మహబూబాబాద్‌లో కాపురముంటున్న కూతురు షాహీన్‌కు గొప్పగా ఫోన్ చేశాడు. తండ్రీకూతుళ్లు మాట్లాడుకునేది ఉర్దూలో. మనకు తెలిసేట్టు చెప్పుకుంటే ఇదీ సంగతి.

"కడిగినవా అబ్బా? పొదగవెట్టే గుడ్లు ఎవరన్న కడుగుతరా? పైన పొర పోతే లోపల చెడిపోతయ్. అమ్మీ ఎన్నడన్న కడిగిందా?"

"నేనెన్నడు జూసిన?" అన్నాడు.

ఆ మాట అన్నాకే అతనికి తట్టింది. ముప్పై ఏళ్లు ఆమె ఈ ఇంట్లోనే కోళ్లను పొదిగించింది. ఎన్ని వందల పిల్లలు ఈ వాకిట్లో తిరిగాయో. తను ఒక్కరోజైనా పక్కన కూర్చుని చూడలేదు.

పక్కింటి గంగి దగ్గర ఒక కోడి అప్పుడే పన్నెండు గుడ్ల మీద కూర్చుని ఉంది. ఆమె మొగుడు అమర్‌సింగ్ బాయిలో ఎలక్ట్రీషియన్, బాబామియాకు తోటి కార్మికుడు. "రెండు మూడు నా కోడి కింద సర్దుత భాయ్, ఇయ్యి" అంది గంగి.

"వద్దు. దిల్షాద్ గుడ్లు నా ఇంట్లనే లేవాలె."

చెప్పాను కదా, మొండిఘటం. చేసేది లేక అమర్‌సింగే ఒక థర్మాకోల్ పెట్టె తెచ్చి, అందులో నలభై వాట్ల బల్బు బిగించి, గిన్నెలో నీళ్లు పెట్టి, జ్వరం చూసే థర్మామీటర్ ఒకటి వేలాడదీశాడు. రోజుకు మూడుసార్లు గుడ్లు తిప్పమని షాహీన్ చెప్పింది. ఒక పక్క బొగ్గుతో గీత పెట్టుకుని, నమాజు తప్పినా తప్పుతుందేమో గానీ ఆ తిప్పడం తప్పనివ్వలేదు బాబామియా. పెట్టెను ఎండ తగలని మూలకు, గాలి తగలని మూలకు మారుస్తూ ఇల్లంతా పిల్లి పిల్లల్ని తిప్పినట్టు తిప్పాడు.

ఏడో రోజు, చీకట్లో గుడ్డు కింద టార్చి పెట్టి చూస్తే జీవం ఉందో లేదో తెలుస్తుందని షాహీన్ చెప్పింది. చెప్పింది పొద్దున పది గంటలకు. సాయంత్రం దాకా ఆగే ఓపిక ఈయనకెక్కడిది? రేకుల ఇల్లు, తలుపులు మూసినా సందుల్లోంచి ఎండ వస్తుంది. దుప్పటి కప్పుకుంటే పల్చగా ఉంది. చివరికి బట్టల పెట్టె తీసి, మడత పెట్టి ఉన్న దిల్షాద్ నల్ల బుర్ఖా బయటికి లాగి, తల మీంచి కప్పుకుని కింద కూర్చున్నాడు.

అప్పుడే చల్ల ఇచ్చిపోవడానికి గంగి వచ్చింది. నట్టింట్లో బుర్ఖా కూర్చుని ఉంది, లోపల వెలుగు కదులుతోంది. ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"అండ్ల ఎవరు?" అంది గడప అవతల నుంచే.

"నేనే. గుడ్లు జూస్తున్న."

గంగి గోడకు ఒరిగి కడుపు పట్టుకుని నవ్వింది. ఎంతసేపటికీ అతను బయటికి రాకపోతే నవ్వు ఆపేసింది.

లోపల రెండు గుడ్లు ఖాళీ. ఒకదాంట్లో నెత్తురు గీతలా కట్టుకుపోయి ఉంది. అది చచ్చినట్టే. మిగిలిన నాలుగింటిలో సన్నటి ఎర్ర నరాలు, వాటి నడుమ కొట్టుకుంటున్న ఒక చుక్క. బుర్ఖాకు ఇంకా ఆమె వాడే అత్తరు వాసన ఉంది. ఈ చుక్క సంగతి దిల్షాద్‌కు చెప్పాలనిపించింది. ఆమె ఎన్నిసార్లు చూసి ఉంటుందో, ఎవరికి చెప్పుకుందో. చెబుదామంటే ఇప్పుడు ఆమె లేదు. ఆమె పోయిన రోజు కూడా అంత ఏడవలేదని తర్వాత అమర్‌సింగ్‌తో తనే అన్నాడు.

ఇల్లు అలకగానే పండుగ కాదు. సమ్మె ముదిరింది. బాయిల నుంచి బొగ్గు రావడం ఆగిపోయేసరికి కరెంటు కోతలు మొదలయ్యాయి. ముందు రెండు గంటలు, తర్వాత నాలుగు, తర్వాత ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో తెలియదు. బల్బు ఆరినప్పుడల్లా బాబామియా సీసాల్లో వేడినీళ్లు పోసి, తువ్వాలు చుట్టి, గుడ్ల పక్కన పెట్టేవాడు.

"బొగ్గు ఆపింది నువ్వే, కరెంటు లేదని మొత్తుకునేది నువ్వే" అని అమర్‌సింగ్ ఏడిపించాడు.

పదిహేడో రోజు బాయి దగ్గర గేట్ మీటింగ్ జరిగింది. సమ్మె కొనసాగించాలనేవాళ్లు చేతులెత్తమన్నారు. బాబామియాకు పెట్టె కళ్లముందు మెదిలింది. నాలుగు రోజులు కరెంటు సరిగా ఉంటే చాలు, పిల్లలు లేస్తాయి. చుట్టూ చూశాడు. అందరి ఇళ్లలోనూ ఏదో ఒకటి ఆగిపోయే ఉంది. చెయ్యెత్తాడు. ఆ చెయ్యి అందరికన్నా ఆలస్యంగా లేచిందని పక్కనున్న అమర్‌సింగ్ చెప్పాడు. ఆ మాట చెబుతూ అతను ఏడిపించలేదు.

పద్దెనిమిదో రోజు బుర్ఖా కింద చూస్తే కదులుతున్నవి రెండే. పిల్లలు లేవాల్సిన ఇరవై ఒకటో రోజు ఏమీ లేదు. ఇరవై రెండు, అంతే. అన్నం ముట్టలేదు. ఇరవై మూడో రోజు మధ్యాహ్నం ఒక గుడ్డుకు పగులు వచ్చింది. రెండోది ఇక కదల్లేదు. సాయంత్రం అసరు నమాజు వేళకు తడిసిన గోధుమరంగు పిల్ల ఒకటి బయటపడి, పడుతూ లేస్తూ కీచుకీచుమంది. బాబామియా షాహీన్‌కు ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా ఆ అరుపే వినిపించాడు. 

తర్వాత వారం రోజులు పిల్ల చొక్కా జేబులోనే ఉంది. గేట్ మీటింగ్‌కూ తీసుకుపోయాడు. ఉపన్యాసం నడుమ అది అరిస్తే, "జై తెలంగాణ అంటున్నది" అని ఎవరో అన్నారు. బాబామియా అందరితో పాటు నవ్వాడు. అతని నవ్వు విని మాకెన్నాళ్లయిందో.

ఇంతలో బాయిల్లో సమ్మె విరమించారు. రేపు పొద్దున డ్యూటీ. పిల్లను జేబులో వేసుకుని బాయిలోకి దిగలేడు. ఎనిమిది గంటలు ఒంటరిగా వదిలితే పిల్లి నోట్లోకి పోవడమో, అరిచి అరిచి చావడమో. గంగి కోడి వెనక అదే వయసు పిల్లలు తొమ్మిది తిరుగుతున్నాయి.

"నా కోడితోని ఇడువు భాయ్" అంది గంగి.

"ఒకసారి ఇచ్చి చేతులు కాల్చుకున్న. మల్ల ఇయ్యమంటవా?"

"ఇచ్చుడు గాదు. తల్లి కింద వెట్టుడు."

పొద్దు గూకాక, కోడి కళ్లు మూసుకున్న వేళ, తన చేత్తోనే పిల్లను దాని రెక్క కిందికి తోశాడు. కోడి కాస్త గుర్రుమని సర్దుకుంది. పిల్ల రెండుసార్లు అరిచి ఊరుకుంది. అంత త్వరగా ఊరుకుంటుందని అతను అనుకోలేదు.

మొదటి వారం అతను డ్యూటీ నుంచి వచ్చి పిలిస్తే పిల్ల పరుగెత్తుకొచ్చేది. రెండోవారం తల తిప్పి చూసి, మళ్లీ తల్లి వెనకే పోయేది. మూడోవారం ఒక సాయంత్రం ఎంత పిలిచినా ఏదీ రాలేదు. పదీ ఒకే రంగు, ఒకే ఎత్తు, ఒకే తీరుగా మట్టి గీకుతున్నాయి. కాళ్లు చూశాడు, రెక్కలు చూశాడు. ఏది దిల్షాద్‌దో పోల్చుకోలేకపోయాడు. గంగిని అడగబోయి ఆగాడు. గుప్పిట్లో ఉన్న నూకలు పదింటికీ చల్లి, అవి తినడం అయ్యేదాకా అక్కడే గొంతుక్కూర్చున్నాడు.