బొగ్గు బస్సు ఆగినంతసేపు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అనేది. అది నిజమే. కాని నా పెళ్లి కుదిరింది కూడా ఆ కోపం వల్లేనని అమ్మ ఏనాడూ ఒప్పుకోలేదు.

ఆత్మకూరులో బస్సులు ఆగే చోటుకు ఎదురుగా మా ఇల్లు. వీధి వైపు పొడుగాటి అరుగు, దాని మీద నాపరాళ్లు. ఒక రాతి మీద పులిజూదం గీతలు ఉలితో చెక్కి ఉండేవి. ఎవరు చెక్కించారో మా అవ్వకు కూడా తెలియదు. అవ్వంటే మా నాయనను కన్నతల్లి, ఆ ఇంట్లో ఆమెకు తెలియని సంగతి అదొక్కటే. ఆటలో మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకితే మేక చచ్చినట్టు. మేకలన్నీ చుట్టుముట్టి పులులను కదలకుండా చేస్తే పులులు కట్టుబడినట్టు. ఈ మాత్రం తెలిస్తే ఆట వచ్చినట్టే, గెలవడం మాత్రం వేరే సంగతి. నాకు పన్నెండేళ్లు వచ్చేసరికే ఆ అరుగు మీద నన్ను ఓడించేవాళ్లు లేరు, అవ్వతో సహా.

పద్దెనిమిది నిండిన ఏడు నన్ను చూసుకోవడానికి ఒక సంబంధం వాళ్లు వచ్చారు. పెళ్లికొడుకు తండ్రి అరుగు వంక చూసి, "పిల్లకు పనీపాటా ఏమన్నా వచ్చునా, పొద్దస్తమానం ఈ రాళ్లాటేనా?" అని నవ్వాడు. నేను తలుపు చాటున ఉన్నాను. అక్కడే ఉండి ఊరుకుంటే పోయేది.

"ఈ ఆటలో నన్ను ఓడించినోణ్ణే చేసుకుంటా. మీవాణ్ణి కూచోమనండి" అన్నాను బయటికి వచ్చి.

పెళ్లికొడుకు పౌరుషానికి పోయి కూర్చున్నాడు. అరగంటలో అతని మూడు పులులూ కట్టుబడ్డాయి. లేచి, చెప్పులు తొడుక్కుని, ఫలహారం ముట్టకుండా వెళ్లిపోయాడు. నాయన తల పట్టుకున్నాడు. అమ్మ "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని వారం రోజులు సాధించింది. అవ్వ మాత్రం నా మాటను కొంగున ముడేసుకుంది.

"కోపంలో అన్నా మాట మాటే. ఓడిపోతేనే పెళ్లి. ఓడిపోయినట్టు నటించినావంటే నేను కనిపెడతా, జాగ్రత్త" అంది.

ఆ మాట అనేటప్పుడు నాకు మా బావ గుర్తు రాలేదు. తప్పు నాదే.

బావంటే మా మేనత్త కొడుకు. ఉదయగిరిలో వాళ్లకు కిరాణా కొట్టు. ప్రతి బుధవారం నెల్లూరు వెళ్లి సరుకు తేవడం అతని పని. ఖాళీ నూనె డబ్బాలు బస్సు టాపు మీద కట్టించుకుని పొద్దున పదింటికి ఆత్మకూరులో దిగేవాడు. ఆ బస్సు తప్పితే వారమంతా కొట్లో నూనె ఉండదు, వాళ్ల నాయన ఊరుకునే మనిషీ కాదు. తిరుగు బస్సు ఊరు మాటు మణిగాక వచ్చేది కాబట్టి అప్పుడు మాటా పలుకూ ఉండేది కాదు. ఆడుకోవడానికి మాకు దక్కేది బుధవారం పొద్దున బస్సు ఆగినంతసేపే.

అదృష్టం కొద్దీ ఆ బస్సు చాలాసేపే ఆగేది. రెండో ప్రపంచయుద్ధం ముగిసి రెండు మూడేళ్లయినా మా దారిలో ఇంకా పెట్రోలు కరువునాటి బొగ్గు బస్సే తిరుగుతుండేది. వెనకాల నిలువెత్తు డ్రమ్ము, అందులో బొగ్గు రాజేసి, వచ్చే గ్యాసుతో నడిపేవాళ్లు. ఆత్మకూరు చేరేసరికి దానికి ఆయాసం వచ్చేది. బూడిద దులిపి, బొగ్గు నింపి, గాలి విసిరే చక్రం తిప్పి మళ్లీ రాజేసేసరికి ముప్పావుగంట పట్టేది. కింద రాలిన బొగ్గుముక్కల్లో మూడు గట్టివి ఏరి నేను పులులుగా పెట్టుకున్నాను. మేకలకు చింతగింజలు.

బావ ఒక చింతగింజ చేతిలోకి తీసుకుంటే, అది రాతి మీద పడేలోపల నేను వంటింట్లోకి పోయి పప్పు ఎనిపి రావచ్చు. అంత నిదానం.

"ఆలస్యం అమృతం విషం" అనేదాన్ని.

"నిదానమే ప్రధానం" అనేవాడు, తలెత్తకుండా.

అయితే అంత ఆలోచించి పెట్టిన ఆ గింజ, ఎక్కడ పడకూడదని నేను అనుకునేదాన్నో సరిగ్గా అక్కడే పడేది. ఆట సగంలో ఉండగా హారన్ మోగేది. ఆ సగం ఆటను అలాగే ఉంచి వచ్చే వారం ఆడదామంటే అవ్వ ఒప్పుకోదు. "వారమంతా ఆలోచించుకోని వచ్చి ఆడితే అది ఆట గాదు, పరీక్ష. హారన్ కొడితే ఆట రద్దు" అని తీర్పు. బావ కూడా ఆమె మనవడే, కూతురి కొడుకు. ఇద్దరం మనవలమే గనక ఎవరి వైపూ మొగ్గదని అందరి నమ్మకం.

బావంటే నాకు ఇష్టమని నాకు తెలిసింది ఒక బుధవారం బస్సు రానప్పుడు. ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. నాయన ఒక ముద్ద తిని మంచినీళ్లు తాగి లేచాడు. బావకు నా మీద ఇష్టమని చెప్పడానికి సాక్ష్యం ఏమిటంటే, టీ తాగే అలవాటున్న మనిషి ఏడాదిపాటు ఆత్మకూరులో టీ తాగలేదు.

పుష్యమాసంలో రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. వింజమూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడు ఆ చుట్టుపక్కల పులిజూదంలో పేరు మోసినవాడట. మాఘమాసం మొదటి ఆదివారం వచ్చి ఆడతాడని కబురు. నాయన ముఖం వెలిగిపోయింది. నాకు మొదటిసారి ఆ రాతిని చూస్తే భయం వేసింది. ఆ వచ్చేవాడు గెలిస్తే నా మాట ప్రకారం నేను వింజమూరు పోవాల్సిందే. ఆలోపల బావ గెలిచి తీరాలి.

రెండోది, బొగ్గు బస్సు పోయి పెట్రోలు బస్సు వచ్చింది. ఊరంతా చూడడానికి వచ్చారు, కొందరు దానికి పూలదండ కూడా వేశారు. అది ఆత్మకూరులో ఆగేది పది నిమిషాలు. దండ వేసినవాళ్లను నేను మనసులో తిట్టుకున్నాను.

మధ్యలో ఉన్నవి నాలుగు బుధవారాలు. పది నిమిషాల్లో తేలిపోయే ఆట కావాలి. ఏ ఆటలో ఓడినా ఓటమేనని అవ్వ చేత ఒప్పించుకున్నాను. వెంటనే అష్టాచెమ్మా పీట తీశాను.

"గవ్వలాట చెల్లదు" అంది అవ్వ. "గవ్వలు నిన్ను ఓడిస్తే గవ్వల్నే చేసుకుంటావా?"

ఆ మాటతో వైకుంఠపాళి కూడా పోయింది. పోయినందుకు విచారం లేదు, ఆఖరి గడి కింద నోరు తెరుచుకుని ఉండే పెద్ద పాముతో ఎవరి పెళ్లీ కాదు. మొదటి బుధవారం వామనగుంటలు పెట్టాను. పధ్నాలుగు గుంటల చెక్క ముందు మీసాలున్న మగవాడు కూర్చోవడం చూసి బస్సు కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. "ఏందప్పా, ఆడోళ్లాట ఆడతా ఉండావే" అన్నారెవరో. బావ చెవులు ఎర్రబడ్డాయి గాని లేవలేదు. గుంట గుంటకూ గింజలు పంచి, ఆగి, లెక్క చూసుకుని పంచేవాడు. ఒక్క చుట్టు కూడా పూర్తి కాకుండానే హారన్ కొట్టారు.

ఆ వారమంతా పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపల ఏ ఆట అవుతుందో అవ్వతో ఆడి చూశాను. మూడుసార్లు పాలు పొయ్యిలో పోయాయి. తొమ్మిది కాయల దాడి అవుతుందనిపించింది. ఒకదాంట్లో ఒకటిగా మూడు చదరాలు, మనిషికి తొమ్మిది కాయలు, మూడు వరసలో పడితే దాడి, ఎదుటివాడి కాయ ఒకటి తీసేయాలి. అవ్వతో అయితే పాలు పొంగేలోపలే అయింది. బావతో తొమ్మిది కాయలూ పేర్చుకునేసరికే టైము అయిపోయింది. మరో బుధవారం డ్రైవరు జాలిపడి రెండు నిమిషాలు ఎక్కువ ఆపాడు. "ఏంమ్మా, ఈ పూటన్నా తేలతాదా?" అన్నాడు. తేలలేదు.

ఇక ఆఖరి బుధవారం. మిగిలింది మూడు కాయల దాడి. ఒకే చదరం, నడుమ నాలుగు గీతలు, మనిషికి మూడే కాయలు, మూడూ వరసలో పడితే ఆట అయిపోయినట్టే. ముందు ఆడేవాడు నడుమ పెడితే గెలుపు అతనిదేనని ఆత్మకూరులో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. ముందు ఆట బావకిస్తే అది నటన కాదు, మర్యాద. ఈ ఉపాయం తట్టినప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను.

బస్సు ఆగింది. పక్క రాతి మీద సుద్దతో గీసి సిద్ధంగా కూర్చున్నాను.

"ముందు నువ్వే బావా. ఊరి నుంచి వచ్చినోడివి" అన్నాను.

అవ్వ నా వైపు ఒక చూపు చూసింది. బావ గింజ తీసుకున్నాడు. చదరం చూశాడు, నన్ను చూశాడు. తర్వాత తీసుకెళ్లి మూలన పెట్టాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో నా చేయి తనంతట తనే పోయి నడుమ బొగ్గుముక్క పెట్టేసింది. ఏళ్ల తరబడి అలవాటు, నడుమ ఖాళీగా కనిపిస్తే అది ఆగదు. ఇంకో మూడు ఎత్తుల్లో నేను గెలిచాను. బస్సులో ఇంకా నీళ్లు పోస్తూనే ఉన్నారు.

"నీకు కళ్లు లేవా? నడుమ కనపడలా?" అని అరిచాను.

"కనపడింది."

"మరి?"

"ఆడ నాకోసం నువ్వు ఖాళీ పెట్టినావు గదా. ఆడ పెట్టి గెలిస్తే అది నువ్విచ్చిన గెలుపు. నాకొద్దు."

"ఆదివారం వింజమూరోళ్లు వస్తా ఉండారు" అన్నాను. నా భయం దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"తెలుసు" అన్నాడు.

హారన్ మోగింది. "రా అబ్బయ్యా, పోదాం" అని డ్రైవరు పిలిచాడు.

బావ వెనక్కి తిరగలేదు. "నువ్వు పో అన్నా. నేను రావడం లేదు."

"మరి నీ డబ్బాలు?"

"అవి పోతాయిలే."

బస్సు కదిలింది. టాపు మీద నూనె డబ్బాలు టంగుటంగుమంటూ యజమాని లేకుండా నెల్లూరు వెళ్లిపోయాయి. బావ కండువాతో సుద్దగీతలు తుడిచి, పులిజూదం రాయి ముందుకు జరిగి కూర్చున్నాడు.

"పులులు నువ్వు తీసుకో. పొద్దు గుంకేదాకా నాకు పనేం లేదు" అన్నాడు.

నెలరోజులుగా నేను బస్సుకు సరిపడే ఆట కోసం వెతుకుతున్నాను. ఈ మనిషి ఆట కోసం బస్సునే వదిలేశాడు. ఇంత చిన్న ఉపాయం నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు.

ఆట మొదలైంది. ఒట్టు పెట్టి చెబుతున్నాను, ఆ పూట నాకు పెళ్లి గుర్తు లేదు, వింజమూరు గుర్తు లేదు. గెలవాలనే ఆడాను. మధ్యాహ్నానికి నాలుగు మేకలను తినేశాను. అమ్మ అన్నం కలిపి చెరొక పళ్లెంలో తెచ్చి పెట్టింది. బావ కుడిచేత్తో తింటూ, ఎడమచేత్తో గింజ పట్టుకుని ఆలోచిస్తూ కూర్చున్నాడు. ఏనాడూ పగటినిద్ర మానని అవ్వ ఆ రోజు రెప్ప వాల్చలేదు. నీడ అరుగు మీదికి వచ్చేసరికి ఒక పులి కట్టుబడింది. ఇంకాసేపటికి రెండోది. మూడోదాన్ని అటూ ఇటూ తిప్పుతూ నేను చాలాసేపు తప్పించుకున్నాను. చివరికి బావ ఒక గింజను వేలితో మెల్లగా పక్కకు జరిపి, చేయి వెనక్కి తీసుకున్నాడు.

"కదులు" అంది అవ్వ.

"చోటు లేదు."

అవ్వ నమ్మలేదు. వంగి, గీత గీతనూ వేలితో తడిమి చూసింది. నేనెక్కడైనా దారి చూసి దాచానేమోనని మూడు పులుల చుట్టూ రెండుసార్లు వెతికింది. ఆఖరికి నడుం పట్టుకుని లేచి, "కట్టుబడినాయి" అంది.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. సంతోషానికి కాదు, ఓడిపోయినందుకే. ఏడుస్తూ ముఖం తుడుచుకున్నాను. పొద్దున్నించి బొగ్గుముక్కలు పట్టుకున్న చేతులు. ఏడాదిగా నా ఎదుట పెదవి విప్పి నవ్వని బావ నా ముఖం చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. అవ్వ నవ్వింది. అప్పుడే బయటి నుంచి వచ్చిన నాయన, ఏమైందో తెలియక, నన్ను చూసి ఆయన కూడా నవ్వాడు.

"నీ కూతురు ఓడిపోయింది. వింజమూరుకు కబురంపు" అంది అవ్వ.

నేను ముఖమైనా కడుక్కోకుండా పదిహేను గింజలూ ఏరి బావ ముందుకు తోశాను. "ఇంకో ఆట" అన్నాను.

"ఉదయగిరిలో ఆడదాంలే" అన్నాడు.

ఆ మాఘమాసంలోనే పెళ్లయింది. కొంగున మూడు బొగ్గుముక్కలు కట్టుకుని, రెండువైపుల చుట్టాలతో కలిసి అదే పెట్రోలు బస్సులో ఉదయగిరికి బయలుదేరాను. దూరంగా కొండ, దాని మీద కోటగోడ కనిపిస్తున్నాయనగా బస్సు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. డ్రైవరు దిగి, మూత ఎత్తి చూసి, రెండు గంటలైనా పడుతుందన్నాడు. బావ నా వైపు చూశాడు. నేను అప్పటికే కొంగు ముడి విప్పుతున్నాను. బస్సులో అందరూ డ్రైవర్ని తిట్టుకుంటుంటే, సంతోషంగా కిందికి దిగింది మేమిద్దరమే.