నా పేరున్న బల్బు

మొన్న ఢిల్లీ ద్వారకలోని మా ఫ్లాటు అటక సర్దుతుంటే పాత వంద వాట్ల బల్బు ఒకటి దొరికింది. ఇంకా వెలుగుతుందో లేదో చూద్దామని హోల్డరులో పెట్టి స్విచ్ వేశాను. వెలిగింది. కాసేపటికి దాని మీది దుమ్ము కాలుతున్న వాసన గదంతా అలుముకుంది. మా అమ్మాయి ముక్కు మూసుకుని, "మమ్మీ, కుఛ్ జల్ రహా హై" అంది. ఎల్ఈడీ దీపాలు తప్ప ఎరగని పిల్ల, బల్బుకు వాసన ఉంటుందని దానికేం తెలుసు? నాకు మాత్రం కామేశ్వరి గారు గదిలోకి వచ్చినట్టే అనిపించింది.

రెండువేల దశకం మొదట్లో ఢిల్లీలోని ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో నాకు తొలి ఉద్యోగం. ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని. ఇంట్లో తెలుగు వినడమే గాని జవాబు హిందీలోనే. మా విభాగానికి పెద్ద కామేశ్వరి గారు. రాజమండ్రి మనిషి. ఫ్యాక్టరీలు తమ కొలతలు సరిచూసుకునే స్టీలు దిమ్మెల పొడవును కాంతితో కొలవడం మా పని. గాజు పలక మీద పడ్డ కాంతి నల్లని, తెల్లని చారలుగా కనిపిస్తుంది. ఆ చారలు ఎంత జరిగాయో చూసి లెక్క కట్టాలి. చిక్కేమిటంటే, చారలు చూపించే ఆ కాంతే గాజును వేడెక్కిస్తుంది. కాంతి తగ్గిస్తే గాజు చల్లబడుతుంది. ఎలా చూసినా చారలు కదిలి కూర్చుంటాయి. దీనికి విరుగుడుగా ఆవిడ ఒక పెట్టె తయారుచేశారు. అందులో కొలిచే దీపం పక్కనే ఇంకో దీపం, దాని వెలుగు కంట పడకుండా, వేడి మాత్రం గాజుకు తగిలేలా అమర్చింది. మొదటిది ఎంత తగ్గితే రెండోది అంత పెరుగుతుంది, గాజుకు తేడా తెలియదు. మా ఆయనతో కన్నా ఆ పెట్టెతోనే ఎక్కువ కాపురం చేశానని ఆవిడే నవ్వేవారు.

చేరిన రోజున గదిలో వేలాడుతున్న రెండు బల్బులు చూపించారు. ఒకదాని మెడకు "కామేశ్వరి" అన్న చీటీ దారంతో కట్టి ఉంది. రెండోదానికి నా పేరు రాసి కడుతూ, "నువ్వు వంద వాట్ల బల్బువమ్మా, తెలుసా?" అన్నారు.

"జీ?"

"మనిషి ఒంటి వేడి ఇంచుమించు అంతే. నువ్వు బయటికెళ్తే ఆ వేడీ నీతోపాటే పోద్ది, గది చల్లబడి చారలు కదుల్తాయి. అందుకని వెళ్ళేటప్పుడు నీ బల్బు వేసి వెళ్ళు, వచ్చాక ఆర్పు."

"యే తో ఉల్టా హై, మేడమ్."

"ఉల్టానే. అలవాటు చేస్కో."

ఆ అలవాటే నాకు గండమైంది. దీపం ఆర్పకుండా గది దాటినవాళ్ళను మా నాన్నగారు మనుషుల్లో జమకట్టేవారు కాదు. గడప దాటుతుంటే నా చెయ్యి దానంతటదే స్విచ్ మీదికి పోయేది.

ఆ ఏడాది విదేశాల నుంచి ఒక దిమ్మె వచ్చింది. దాన్ని ఒక్కో దేశం కొలిచి జవాబు పంపాలి. మా జవాబు కలవకపోతే మా కొలతలను బయట ఎవరూ నమ్మరు, ఇక్కడి దిమ్మెలన్నీ విదేశాలకు మోసుకెళ్ళాల్సిందే. మా పై అధికారి ఆ మాట పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గుర్తుచేసేవారు. మూడో రోజు భోజనానికి కామేశ్వరి గారు తన బల్బు వేసి ముందే వెళ్ళిపోయారు. వెనక బయల్దేరిన నేను నా బల్బు వేయలేదు సరికదా, పరధ్యానంగా ఆవిడ బల్బు కూడా ఆర్పేసి తలుపు వేశాను. తిరిగొచ్చేసరికి గది చీకటి. గబగబా ఆవిడ బల్బు వేసి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నం చారలు జారిపోతూనే ఉన్నాయి. కామేశ్వరి గారు ఒకటికి పదిసార్లు చూశారు. ముఖం వాడిపోయింది. చివరికి స్క్రూడ్రైవరు అందుకున్నారు. "లోపం నా పెట్టెలోనే ఉన్నట్టుంది. విప్పేస్తాను. మావల్ల కాలేదని పైకి చెప్పేద్దాం." పెట్టెను తన వైపు తిప్పుకున్నారు. అన్నేళ్ళ కష్టం నా భయం మూలంగా ముక్కలవబోతోంది. ఇక ఉండలేకపోయాను.

"మేడమ్, గల్తీ మేరీ హై..."

"తప్పు తెలుగులో చెప్పమ్మా. హిందీలో అయితే నాకు సగమే వినపడుద్ది."

"నేను... మీ బల్బు ఆర్పేశాను. నాది వేయలేదు."

"ఎన్నింటికి?"

"ఒకటీ పది. మళ్ళీ రెండింటికి వేశాను."

తిడతారనుకున్నాను. ఆవిడ స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి, రిజిస్టరులో చారలు జారడం మొదలైన చోట వేలు పెట్టి, పకపకా నవ్వారు. "చూశావా! కాసేపు రెండు బల్బులు లేకపోతేనే పట్టేసింది. నా పెట్టె బంగారంలా ఉంది!" ఆ ఆనందంలో నా మీద కోపం తెచ్చుకోవడం కూడా మర్చిపోయారు. "ఏ గంటకి ఆర్పావో నీ చేత్తోనే రాయి. అప్పుడు అంతకుముందు కొలిచినవన్నీ పనికొస్తాయి." రాశాను. ఆ పేజీ మార్చి రాయమని పై అధికారి సలహా ఇస్తే, "అది తీసేస్తే మా పెట్టె సంగతి లోకానికెలా తెలుస్తుంది సార్?" అన్నారు ఆవిడ. మర్నాడు గది కుదుటపడ్డాక మిగిలింది కొలిచాం. కొన్ని నెలలకు కబురొచ్చింది, మా జవాబు కలిసింది. ఆ కబురు చదువుతున్నప్పుడు ఆవిడ పక్కన నిలబడి ఉన్నందుకు ఈనాటికీ గర్వంగా ఉంటుంది.

ఆవిడ రిటైరైన రోజు హాల్లో పూలదండలు సిద్ధంగా ఉన్నాయి. గదిలో నా కొలత ఇంకా సాగుతోంది. ఆవిడ తన బల్బు వేసి, నా భుజం తట్టి వెళ్ళారు. చారలు కదల్లేదు. సాయంత్రం పని ముగిశాక నా చెయ్యి మామూలుగానే స్విచ్ దాకా వెళ్ళింది. ఆర్పబుద్ధి కాలేదు. చాలాసేపు అలాగే వెలగనిచ్చి, చివరికి ఆర్పి, ఆవిడ బల్బు చల్లారాక చీటీతో సహా ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు ఆ గదికి నేను పెద్దను. కొత్తగా చేరినవాళ్ళకు మొదట వాళ్ళ పేరు రాసి బల్బుకు కట్టమంటాను.

అటక మీద దొరికింది ఆవిడ పేరున్న ఆ బల్బే. మా అమ్మాయి స్విచ్ మీద చెయ్యి వేసి, "బంద్ కర్ దూఁ?" అంది.

"ఉండనీవే. ముందు ఆ చీటీ మీద పేరు చదువు" అన్నాను. దానికి తెలుగు అక్షరాలు రావు. పక్కన కూర్చోబెట్టుకుని, నేను చేసిన తప్పు దగ్గర మొదలుపెట్టి అంతా తెలుగులోనే చెప్పాను.