మిషన్‌లో పోయాల్సిన ఉప్పు

మీకు ఒక ఉప్పు సంగతి చెప్పాలి. నవ్వకండి. ఉప్పు గురించి ఎవరైనా ఇన్నేళ్లు భయపడతారా అంటే, నేను పడ్డాను. ఇప్పటికీ ఎవరైనా వంటింట్లోకొచ్చి "ఉప్పేది?" అంటే నా గుండె జల్లుమంటుంది.

తొంభైల నాటి మాట. కరీంనగర్‌లో మాది ఉమ్మడి కుటుంబం. మా బావగారు, అంటే మా ఆయన అన్న, దుబాయిలో ఒక హోటల్లో పనిచేసేవారు. ఒకసారి సెలవుకొస్తూ గిన్నెలు కడిగే మిషన్ తెచ్చారు. మా వాడకట్టులో అలాంటిది చూసినవాళ్లు లేరు. దాంతోపాటు ఒక ఇంగ్లిషు పుస్తకం, డబ్బాడు పౌడరు, ఆరు ఉప్పు పాకెట్లు. ఇంటర్ చదివిన కోడల్ని కదా, పుస్తకం నా చేతిలో పెట్టారు. రెండ్రోజులాగి "అంతా చదివాను, ఇక నేను చూసుకుంటాను" అన్నాను. చదవలేదు. బొమ్మలు చూశాను, అంతే.

కొన్ని నేర్చుకున్నాను, కాదనను. మెతుకులు, కరివేపాకు అడ్డంపడి నీళ్లు దిగకపోతే అడుగున ఉన్న జల్లెడ తీసి కడిగేదాన్ని. నీళ్లు చిమ్మే రెక్కల బెజ్జాలు పూడుకుపోతే పిన్నీసుతో పొడిచేదాన్ని. ఉప్పు దగ్గరే నా తెలివి తెల్లారింది. సబ్బు నురగ రాని బోరు నీళ్లను మేం ఉప్పునీళ్లు అంటాం. మా ఇంటికొచ్చేవి అవే. ఉప్పునీళ్లకు మళ్లీ ఉప్పెందుకు? నీళ్లలోని సున్నం గిన్నెలకు, మిషన్‌కు పట్టకుండా ఉండాలంటే ఆ ఉప్పు పొయ్యాలని నేను చదవని ఆ పుస్తకంలో రాసే ఉంది. నాకు మాత్రం మంచి దొడ్డుప్పు మోరీ నీళ్లలో కొట్టుకుపోతుందనిపించింది. ఆ ఎండాకాలం ఆరు పాకెట్లూ మామిడికాయ తొక్కులో కలిపేశాను. ఉప్పు లేదని మిషన్ మీద ఎర్రలైటు వెలుగుతుంటే దాని మీద నా బొట్టుబిళ్ల ఒకటి అంటించాను.

ఏడాది తిరగకముందే గాజు గ్లాసుల మీద తెల్లటి పొర కట్టింది. ప్లేట్లు సున్నం వేసినట్టయ్యాయి. తర్వాత నీళ్లు వేడెక్కడం కూడా మానేశాయి. అప్పుడు తీశాను పుస్తకం. తీసి చదివాక తప్పు నాదేనని తెలిసింది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు కదా? చెప్పలేదు. బావగారు మళ్లీ వచ్చేదాకా రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఆయన వచ్చారు. మిషన్ తెరిచి చూసి, వంటింట్లో అందరి ముందూ అడిగారు.

"ఆరు పాకెట్లు ఇచ్చిపోయిన గదమ్మా. ఉప్పు ఎటు పోయింది?"

"రాజవ్వకు ఇచ్చిన, మిషిన్ల పోయుమని" అన్నాను.

రాజవ్వ మా ఇంట్లో పన్నెండేళ్లుగా బోళ్లు తోముతున్న మనిషి. మొగుడు పోయినావిడ. మిషన్ వచ్చాక పెద్ద బగోనెలు తోమడం, ప్లేట్లు అందులో సర్దడం ఆమె పని. అప్పుడు కూడా అక్కడే నిలబడి ఉంది.

"గా మిషిన్ల ఉప్పు పోస్తరన్న సంగతే నాకు తెల్వదమ్మా" అంది మా అత్తమ్మతో. "ఇన్నేండ్ల సంది మీ ఉప్పు తింటున్న. గా ఉప్పే ఎత్కపోతనా?" తర్వాత నావైపు తిరిగింది. "మీరన్న చెప్పుండ్రి అమ్మా. నాకెప్పుడిచ్చిండ్రు?"

"నాకేం తెలుసు? ఇచ్చిన, అంతే" అన్నాను.

మా అత్తమ్మ ఆమెను రేపటి నుంచి రావద్దంది. తొక్కు జాడీ అక్కడే, అటక కింద ఉంది. అందులోంచి రాజవ్వకు కూడా గిన్నెడు పెట్టి ఉన్నాను. మా ఉప్పు ఆమె తిన్నదంటే నేను పెట్టిందే తిన్నది.

వాడకట్టులో ఆమెకు ఉప్పుదొంగ అని పేరుపడింది. ఇంకో మూడిళ్లవాళ్లు మానిపించారు. నెల తిరక్కుండానే హుజూరాబాద్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. మరి నేను దేనికి భయపడ్డాను? బావగారు కొట్టే మనిషి కాదు. మా అత్తమ్మ నాలుగు మాటలనేది, అందరూ కలిసి నాలుగు రోజులు నవ్వేవాళ్లు. నన్ను చూసి నవ్వుతారని, ఛీ, అంతమాత్రానికే ఒక మనిషి బతుకుదెరువు తీశాను.

కొన్నేళ్లకు హుజూరాబాద్‌లో ఒక పెళ్లికి వెళ్లాను. వంటల దగ్గర రాజవ్వ కనిపించింది. సరుకుల మూటల పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది. చెప్పేద్దామనే అటు నడిచాను, ఒట్టు. ఆమె నన్ను చూసింది. కత్తిపీట అక్కడే వదిలి లేచి, మూటలకు దూరంగా పోయి, రెండు చేతులూ నాకు కనబడేలా పెట్టుకుని నిలబడింది. నేను వెళ్లేదాకా అలాగే నిలబడింది. చెప్పకుండానే వచ్చేశాను.

మా అత్తమ్మ ఇప్పుడు లేదు. రాజవ్వ ఉందో లేదో తెలీదు. కనుక్కునే ధైర్యం లేదు. మీకు చెప్పినంత మాత్రాన ఆమె మీద పడ్డ మాట పోదు, నాకు తెలుసు. అయినా ఒక్కసారి పైకి అనాలి. ఆ ఉప్పు తీసింది నేను. రాజవ్వ కాదు.

ఆమె పేరు ఎన్నిసార్లు రాశానో చూశారు కదా. నా పేరు మాత్రం ఇప్పటికీ రాయలేకపోతున్నాను.