గుట్ట మీది వాటాదారు

హులిగప్పకు కుడి చెవి వినపడదు. సండూరు కొండల్లో రాళ్లు పేల్చే పనిలో ఉన్నప్పుడు ఒకరోజు మందు అనుకున్నదానికంటే ముందే పేలింది. ప్రాణం దక్కింది, చెవి పోయింది. ఆ ఏడాదే కరియమ్మతో పెళ్లయింది. ఆమె అదే కొండ మీద ఆడవాళ్ల వరసలో కూర్చుని, సుత్తితో మాంగనీసు రాయి కొట్టి మంచిదీ చెడ్డదీ వేరుచేసేది. పెళ్లయిన మరునాటి నుంచి ఆమె ఎప్పుడూ అతని ఎడమ పక్కనే నడిచింది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

వాళ్లు పనిచేసింది శ్రీ హగరి మాంగనీస్ కంపెనీలో. పేరు పెద్దదే గాని, ఉన్నది ఒక్క గుట్ట, రెండు గోతులు, నీళ్లు తోడే పంపు ఒకటి, రేకుల ఆఫీసు ఒకటి. యాభై అయిదులో ఆ కంపెనీ పెట్టినప్పుడు మాంగనీసుకు మంచి గిరాకీ. తుంగభద్ర కాలువ నీళ్లొచ్చాక గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి హచ్చొళ్ళి దిక్కున వరి వేసుకున్న రైతులు తొలి పంటల డబ్బుతో దాని వాటాలు కొన్నారు. సిరుగుప్ప బజారులో చిన్న దుకాణాల వాళ్లూ కొన్నారు. వాటా పది రూపాయలు. మూడేళ్లు తిరగకముందే ధర పడిపోయింది. కూలీలను ఇళ్లకు పంపేశారు. హులిగప్పను మాత్రం కావలికి ఉంచారు.

ఆ దీపావళికి మేనేజరు బోనసు బదులు అతని చేతిలో అయిదు వాటాల కాగితాలు పెట్టాడు. "ఇవి దాచుకో, రేపు రెట్టింపవుతాయి" అన్నాడు. కరియమ్మ వాటిని ట్రంకుపెట్టెలో చీర మడతల మధ్య పెట్టింది. మరుసటి ఏడు శ్రావణం నుంచి జీతం కూడా ఆగిపోయింది. ఆరు నెలలు గడిచాయి. కింది ఊళ్లో కరియమ్మ కోతలకు పోయి జొన్నలు తెచ్చేది. హులిగప్ప గుట్ట దిగలేదు. పంపును వారానికోసారి తుడిచి నూనె పెట్టేవాడు.

యాభై తొమ్మిది మాఘమాసంలో మేనేజరు వచ్చాడు.

"ఆదివారం హచ్చొళ్ళి నుంచి వాటాదారులు వస్తున్నారు. వాటాకు ఇంకో రెండు రూపాయలు వేస్తే పని మళ్లీ మొదలుపెడతామని రాశాను. చూడకుండా వెయ్యలేమన్నారు. నాకు బళ్లారిలో పనుంది, నువ్వే చూపించు. ఆఫీసు ముందరి కుప్ప చూపిస్తే చాలు. తూర్పు గోతికి దారి కూలిందని చెప్పు. వాళ్లు డబ్బు వేస్తే మొదట తీరేది నీ జీతమే."

హులిగప్ప తలూపాడు. ఆ కుప్ప సంగతి అతనికి తెలుసు. పైన పేర్చింది నల్లటి మేలు రాయి, లోపలంతా పనికిరాని చెత్త రాయి. పేర్చినవాళ్లలో తనూ ఉన్నాడు. తూర్పు గోతి సంగతీ తెలుసు. ముప్పై అడుగుల లోతున నల్లరాయి అయిపోయి, తెల్ల సుద్ద బయటపడింది. పడమటి గోతిలో అంతకుముందే పడింది.

ఆదివారం పొద్దెక్కాక ఆరుగురు వచ్చారు. సండూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి బాడుగ బండి. ముందు నడిచింది బసవపున్నయ్య. గుంటూరు వైపు రైతు, హచ్చొళ్ళిలో పెద్దమనిషి. తోటి రైతుల ఇళ్లకు తిరిగి వాటాలు కొనిపించింది ఆయనే. ఆయన వెనక నెట్టికంటప్ప, సిరుగుప్పలో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ. ముగ్గురు రైతులు. చివర సుందరమ్మ. యాభై ఏళ్లావిడ. భర్త పోయి రెండేళ్లయింది. ఆయాసపడుతూ ఎక్కి, ఆఫీసు అరుగు మీద కూర్చుని, నాలుగు దిక్కులా చూసింది.

"మా ఆయన చూడాలని ఎంతో అనుకునేవాడు. వానల్లో బండ్లు నడవక కుదర్లేదు, పంట పనితో కుదర్లేదు. ఇదేనా మన గుట్ట?" అంది.

"ఇదేనమ్మా" అన్నాడు హులిగప్ప.

అందరూ కుప్ప చుట్టూ తిరిగారు. రాళ్లు చేతిలోకి తీసుకుని బరువు చూశారు. అరచేతులు నల్లబడితే మురిసిపోయారు. కరియమ్మ జొన్నరొట్టెలూ శెనక్కాయలు నూరిన ఊరిబిండీ తెచ్చిపెట్టింది. వాళ్లు తెచ్చుకున్న పులిహోర విప్పారు. అరుగు మీద చాప పరుచుకుని తింటూ మాట మొదలుపెట్టారు.

"పక్క గుట్ట కంపెనీవాళ్లు వాటాకు రెండున్నర ఇస్తామంటున్నారు. వాళ్లకు రాయితో పని లేదు, మన గుట్ట మీదుగా సరుకు ఎక్కించే రైలు సైడింగుకు దారి కావాలంతే" అన్నాడు ఒక రైతు. "వచ్చింది తీసుకుందామా?"

"పది పెట్టి కొన్నది రెండున్నరకా?" అన్నాడు బసవపున్నయ్య. "ఇంత సరుకు కళ్లముందు పెట్టుకుని? ఇంకో రెండు రూపాయలతో పని సాగితే మన పదీ మనకు తిరిగొస్తుంది. మీ చేత కొనిపించినవాణ్ణి, మీకు నష్టం వస్తుంటే నేను ఊరుకుంటానా?"

నెట్టికంటప్ప రొట్టె తుంచుతూ ఆలోచించాడు. "నావి పదే వాటాలప్పా. ఇరవై రూపాయలంటే నాకు నెల బియ్యం. అయినా మాల్ ఇంత ఉండాది గదా. వేస్తాలే."

హులిగప్ప స్తంభం పక్కన నిలబడి వింటున్నాడు. సుందరమ్మ తల తిప్పి చూసింది.

"నువ్వెందుకయ్యా నిలబడ్డావు? నీకూ వాటాలున్నాయని మీ ఆవిడ చెప్పింది."

"అయిదే అమ్మా."

"అయిదైతేనేం. నాకు యాభై. ఇది వాటాదారుల మాట. వచ్చి కూర్చో."

ఎవరూ కాదనలేదు. రైతులు జరిగి చోటిచ్చారు. ఆ గుట్ట మీద నాలుగేళ్లు పనిచేసినవాడు ఆఫీసు అరుగు మీద ఎన్నడూ కూర్చోలేదు. చాప అంచున ఒదిగి కూర్చున్నాడు. కరియమ్మ వచ్చి అతని ఎడమ పక్కన కింద మెట్టు మీద కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు" అంది సుందరమ్మ. "నీ అయిదింటికీ పది రూపాయలవుతుంది. నువ్వు పెడతావా?"

 ఆరు నెలల జీతం హులిగప్ప కళ్లముందు కదిలింది. కరియమ్మ వైపు చూశాడు. ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంటూ మెల్లగా అంది.

"మన చేత్తో కొట్టిన రాయే గదా. మనకు తెల్దా? చెప్పు."

"పెట్టనమ్మా" అన్నాడు హులిగప్ప. "ఈడ ఏమీ లేదు. అయిపోయింది."

లేచి కుప్ప దగ్గరికి పోయి గునపంతో పక్కను కదిలించాడు. నల్లరాళ్లు జారి, లోపలి మట్టిరంగు రాయి బయటపడింది. తర్వాత వాళ్లను తూర్పు గోతికి తీసుకుపోయాడు. దారి కూలలేదు. అడుగున తెల్లటి సుద్ద ఎండలో మెరుస్తోంది. సుందరమ్మ అతని చెయ్యి పట్టుకుని సగం దాకా దిగింది. అక్కడే నిలబడి కిందికి చూస్తూ ఉండిపోయింది.

"నల్లరాయి యాడిదాకా ఉన్నింది?" అడిగాడు నెట్టికంటప్ప.

హులిగప్ప గోడ మీద నల్లటి చార ఒకటి చూపించాడు. పైన జానెడు వెడల్పు, దిగేకొద్దీ సన్నబడి దారమై, సుద్ద దగ్గర ఆగిపోయింది.

పైకొచ్చేసరికి బసవపున్నయ్య అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆయన గోతిలోకి దిగలేదు. కదిలిన కుప్పను చూస్తున్నాడు.

"మీ అందరి ఇళ్లకూ నేనే తిరిగాను" అన్నాడు. "మీరు వద్దన్నా వినకుండా చెప్పాను."

సుందరమ్మ ఆయన పక్కన కూర్చుంది.

"అన్నయ్యా, మా ఆయన నీ మాట మీద కొన్నాడనుకుంటున్నావా? ఆయన ఎవరి మాట విన్నాడు గనక? భూమి మీద వరి, భూమి లోపల రాయి, రెండూ మనవేనని ఊళ్లో చెప్పుకోవడం ఆయనకు సరదా. ఆ రెండేళ్లూ ఎంత సంతోషంగా ఉన్నాడో నాకు తెలుసు. నువ్వు దాన్ని కూడా నష్టం కింద రాయకు."

బసవపున్నయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. దిగేటప్పుడు ఆయన అందరికంటే ముందు నడిచాడు. హులిగప్ప వైపు చూడలేదు.

ఆ నెలలోనే వాటాదారులు పక్క కంపెనీకి రెండున్నర చొప్పున అమ్మేశారు. హులిగప్ప వాటాలు కూడా అందులోనే అమ్ముడయ్యాయి. మేనేజరు దగ్గర్నుంచి పనిలోంచి తీసేసినట్టు కార్డు వచ్చింది. జీతం రాలేదు. అయినా కొత్తవాళ్లు వచ్చేదాకా అతను గుట్ట దిగలేదు. కరియమ్మ ఎందుకని అడిగితే, "పంపు ఉండాది గదా. అది పోతే ఆ ఆరుగురికీ వచ్చే డబ్బులో కోత పడతాది" అన్నాడు.

పంపు లెక్క అప్పజెప్పిన వారానికి సుందరమ్మ మనిషిని పంపింది. హచ్చొళ్ళిలో తన పొలానికీ మరో నాలుగు పొలాలకూ కాలువ నీళ్లు వంతుల ప్రకారం వదిలే నీరుగంటి పని ఉంది, ఇద్దరూ రమ్మంది. ఉండడానికి కళ్లం పక్కన కొట్టం ఇచ్చింది.

హులిగప్పకు రాయి తెలుసు గాని నీళ్లు తెలియవు. మొదటి కారు పంటలో ఒక మడి ముంచేశాడు, ఇంకో మడి ఎండగట్టాడు. సుందరమ్మ తిట్టలేదు. గట్టు మీద పక్కనే నడుస్తూ, ఏ మడి ఎంత తాగుతుందో, పైరు ఏ రంగుకు తిరిగితే దాహమో చూపించింది. కరియమ్మ నాట్లలో కలిసింది. రెండో కారుకల్లా రైతులు వంతుల తగాదా వస్తే హులిగప్పనే అడిగేవాళ్లు. ఇతను ఎవరి పక్షమూ చెప్పడని పేరొచ్చింది.

బసవపున్నయ్య పొలం కూడా ఆ అయిదింటిలో ఒకటి. ఆయన మాత్రం రెండేళ్లు అతనితో మాట్లాడలేదు. ఏమైనా చెప్పాలంటే పాలేరుతో చెప్పించేవాడు. హులిగప్ప ఆయన వంతు ఒక్క ఘడియ కూడా తగ్గించలేదు. "ఆయన కోపం పోదా?" అని కరియమ్మ ఒకసారి అడిగితే, "కోపం కాదే అది. సిగ్గు. పెద్దమనిషికి ఎక్కువ రోజులు పడతాది" అన్నాడు.

అరవై ఒకటిలో ఒక పొద్దున, హులిగప్ప తూము దగ్గర పలక ఎత్తుతుంటే బసవపున్నయ్య గట్టు మీదుగా వచ్చి నిలబడ్డాడు. కుడి పక్కన నిలబడి ఏదో అన్నాడు. హులిగప్పకు వినపడలేదు. ఆయనకు గుర్తొచ్చి, నీళ్లలో కాలుపెట్టి చుట్టూ తిరిగి ఎడమ పక్కకు వచ్చాడు.

"ఆ రోజు నువ్వు చెప్పకపోయుంటే వీళ్లందరి చేత ఇంకోసారి పెట్టించేవాణ్ణి. ఆ మాట అనడానికి ఇన్నాళ్లు పట్టింది నాకు" అన్నాడు.

"మీరు మంచికే చెప్పినారు సామీ. నాకూ తెల్సు, అందరికీ తెల్సు."

"నీకు రావలసిన జీతం..."

"అది మీరిచ్చేది కాదు గదా. వదిలేయండి."

బసవపున్నయ్య గట్టు మీద కూర్చున్నాడు. చుట్ట తీసి, ఒకటి అతనికిచ్చాడు. ఇద్దరూ కాల్చుకున్నారు. కాసేపటికి ఆయన తన పొలం కింది కొస వైపు చెయ్యి చూపించి, అక్కడ పైరు పసుపు తిరుగుతోంది, ఒకసారి చూడమన్నాడు. హులిగప్ప పార భుజాన వేసుకుని లేచాడు. ఇద్దరూ కలిసి ఆ మడి వైపు నడిచారు.